దొనలో ఆరు పలకలు

వల్లూరు,
19-8-2023, శనివారం

చిరంజీవి రంజితకు,

మేనత్త వెంకటక్క దీవెనలు. నువ్వు బెంగళూరు బస్సెక్కి వారమైంది. మొన్న ఆదివారం ఫోనులో మాట్లాడింది ఒక మాటేనా? ఫోను మీ నాన్న చేతిలో, స్పీకరు ఇంటిల్లిపాది చెవుల్లో. నా వంతు వచ్చేసరికి 'తిన్నావా' అని అడగడం తప్ప ఏమీ మిగల్లేదు. మన పాత ఒప్పందమే నయం. నువ్వు ఎనిమిదో తరగతికి తుమకూరు హాస్టలుకు పోతున్నప్పుడు నెలకొక ఉత్తరం తెలుగులో రాయాలని మాట తీసుకున్నాను. బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. మనం ఇంట్లో మాట్లాడే భాషకు అక్షరాలు నేర్పింది నేనే. మడకశిర పక్క బడిలో ఏడో తరగతి దాకా హొన్నూరమ్మ టీచరు బెత్తం కింద చదివినదాన్ని. ఆ బెత్తం భయానికి ఇప్పటికీ కాగితం మీద 'ఉండాది' అని రాయను. 'ఉంది' అనే రాస్తాను.

ఇక నీ పని సంగతి. అక్కమ్మల దొనలో, ఆ బండల నడుమ ఊటనీళ్ళలో, నువ్వు పెట్టిపోయిన చట్రం కదలలేదు. ఆరు గాజుపలకలూ అలమారలో అన్నం తినే తట్టల మాదిరి నిలబడే ఉన్నాయి. శనివారం మా డ్యూటీ పదకొండుకే అయిపోతుంది కాబట్టి, సోలారు పార్కు ప్యానెళ్ళ వరస దాటి, కంచె పక్కగా దొన దగ్గరికి పోయి చూసి వస్తాను. పోతూ పోతూ 'గాజు జాగ్రత్త అత్తా' అన్నావు. ఎవరికి చెబుతున్నావు? ఐదేళ్ళుగా గాజుతోనే కాపురం చేస్తున్నదాన్ని. మా సూపర్వైజరు మధుకుమార్ ప్యానెలు మీద వేలు పెట్టి రాసి చూస్తాడు. నేను కడిగిన వరసలో ఆయన వేలికి ఇప్పటిదాకా ఏమీ అంటలేదు.

బోరయ్య తాత దొన దగ్గరే కూర్చుని ఉన్నాడు. అక్కమ్మలకు పసుపు పెట్టేది ఆయనే కదా. "మీ పాప నీళ్ళలో కాలు పెట్టలేదు గదా?" అని అడిగాడు. "మా రంజిత ఆ మాత్రం తెలీందా తాతా" అన్నాను. అక్కమ్మ దేవతలు స్నానం చేసే నీళ్ళు. గట్టు మీద మోకాలు వేసి చెయ్యి చాపి ముంచుకోవాలే గానీ, పసిబిడ్డ కూడా అందులో అడుగు పెట్టదు. అయితే నాకొక సందేహం. నీ చట్రం గట్టు నుంచి లోపలికి బారెడు పొడుగుంది. ఆ చివరను రాళ్ళ మధ్య ఎట్లా ఇరికించావు?

జవాబు రాయి. మజ్జిగ తాగు.

నీ అత్త,
వెంకటక్క

*

బెంగళూరు, యూనివర్సిటీ హాస్టలు,
2-9-2023

అత్తకు,

రంజిత నమస్కారాలు. చట్రం చివరను పొడుగాటి కట్టెతో తోసి ఇరికించాను. దాని గురించి బెంగ వద్దు.

నేను చేస్తున్నదేమిటో ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయాను. 'రాళ్ళు ఏరుకుంటా ఉండాది' అని నాన్న ఊరంతా చెబుతున్నాడట. దొన అంచున గోబీపువ్వులాగా బుడిపెలు బుడిపెలుగా ఉండే తెల్లరాయి నీకు తెలుసు. బోరయ్య తాత అది ఏడాదికి సజ్జగింజంత పెరుగుతుందంటాడు. చిన్నప్పుడు నవ్వేదాన్ని. పోయిన ఏడాది ఒక ముక్క కోసి చూస్తే లోపల ఉల్లిపాయలాగా పొరలు ఉన్నాయి. తాత చెప్పింది నిజం, ఆ రాయి పెరుగుతోంది. ఎట్లా పెరుగుతోందన్నదే నా ప్రశ్న. నీళ్ళలోని సున్నం దానంతట అదే గింజకట్టి స్ఫటికమవుతోందా, లేక జీవం ఏదైనా దాన్ని కట్టిస్తోందా? జీవమే అని నా నమ్మకం. ల్యాబులో సీసాల్లో చేసి చూపాను. 'ఇది సీసా, దొన కాదు' అని నా పరిశోధన కమిటీవాళ్ళు తోసేశారు. అందుకే ఆ ఆరు పలకలు. వాటి మీద కొత్త స్ఫటికాలు కడితే, ఎక్కడ ఎట్లా మొదలయ్యాయో మైక్రోస్కోపు కింద చూడవచ్చు.

ఫిబ్రవరి ఇరవయ్యో తారీఖు కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. చూపడానికి ఏమీ లేకపోతే నా ఫెలోషిప్పు ఆగిపోతుంది, చదువూ అక్కడితో సరి. నాన్న ముందే పార్కు ఆఫీసులో కంప్యూటరు పనికి మాట్లాడి పెట్టాడని తెలిసింది. నాకోసం ఆయనతో పోట్లాడింది నువ్వొక్కతివే. నీ ముందు ఓడిపోయి వచ్చి నిలబడటం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ మిషన్ల దగ్గర నా వంతులు మార్చి దాకా ఉన్నాయి, రాలేను. డిసెంబరు నడుమ గట్టుకు దగ్గరగా ఉన్న మొదటి పలక తీసి, బస్సు పార్సిలులో పంపించు. నీ చేతిలో ఉందన్న ధైర్యంతోనే నిద్రపోతున్నాను.

నీ
రంజిత

*

వల్లూరు,
16-12-2023

చిరంజీవి రంజితకు,

నువ్వడిగిన పలక బస్సులో వస్తోంది. మెత్తటి పాత చీరపేలికలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పావగడ బస్టాండులో నా చేత్తో నేనే ఇచ్చి వచ్చాను. పార్సిలు గుమాస్తా పెట్టెను ఎత్తి పడెయ్యబోతుంటే, "గాజుప్పా అది! మా పాప చదువు ఉండాది దాంట్లో!" అని అరిచాను. పాపం, పూలబుట్టలా పట్టుకుని లోపల పెట్టాడు.

ఇక్కడ చలి బాగా పడుతోంది. తెల్లారి ఐదున్నరకల్లా కడగడం మొదలుపెట్టాలి. ఎండెక్కి గాజు కాలినాక చల్లనీళ్ళు పడితే పగులుతుందని మధుకుమార్ భయం. పైగా కొత్త బాధ. ఫిల్టరు నీళ్ళ ట్యాంకరు రాని రోజు ఎవరో బోరునీళ్ళతో ఒక వరస కడిగేశారు. ఆరేసరికి గాజు నిండా తెల్లటి సున్నం మరకలు. ఆయన మా గుంపునంతా నిలబెట్టి తిట్టాడు. "ఒక మరకుంటే ఆ మేరకు కరెంటు పోయినట్టే" అన్నాడు. ఎల్లక్కా, గుండమ్మా, నేనూ మూడు రోజులు తోమితే గానీ పోలేదు.

నీ పలక చూసుకో, మళ్ళీ రాయి. నా పనితనం అక్కడ మీ మేడంకు కూడా చూపించు.

వెంకటక్క

*

బెంగళూరు,
22-12-2023

అత్తకు,

పలక అందింది. చెక్కుచెదరకుండా వచ్చింది. కానీ దాని మీద ఏమీ లేదు.

మూడు రోజులు చూశాను. మామూలు మైక్రోస్కోపు కింద, తర్వాత పెద్దదాని కింద. అంగుళం అంగుళం వెతికాను. నాలుగు నెలలు ఆ నీళ్ళలో ఉన్న గాజు అంగట్లో కొన్నరోజు ఎట్లా ఉందో అట్లాగే మెరుస్తోంది. స్ఫటికం మాట దేవుడెరుగు, కాస్త పాచి కూడా పట్టలేదు. మా గైడు భాగీరథమ్మ మేడం చూసి, "మీ దొన ఎప్పుడో పనిచేయడం మానేసినట్టుంది. ఆ రాయి పాతకాలం నాటిది" అన్నారు. బోరయ్య తాత సజ్జగింజ కూడా ఉత్తమాటేనేమో. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు, నాకు ఎలుక కూడా దొరకలేదు.

నాన్నకు అప్పుడే ఏమీ చెప్పొద్దు.

రంజిత

*

వల్లూరు,
30-12-2023

చిరంజీవి రంజితకు,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం బాగున్నాం. చలి కాస్త తగ్గింది. గుండమ్మ కూతురికి ఆడబిడ్డ పుట్టింది. కందిచేలు ఈసారి పరవాలేదంటున్నారు.

నిన్నొకటి అడగాలి. గాజు మీద పాచి పట్టలేదని రాశావు. పాచి ఉండాలా?

వెంకటక్క

*

బెంగళూరు,
8-1-2024

అత్తకు,

నువ్వెప్పుడూ ఇంత చిన్న ఉత్తరం రాయలేదు. ఒంట్లో బాగాలేదా? నా బాధ నీకు అంటించానేమో.

పాచి ఉండాలా అన్నావు. పాచే ఉండాలి అత్తా. అంతా దానిలోనే ఉంది. మన నీళ్ళలో సున్నం కరిగి ఉంటుంది. స్నానానికి నీళ్ళు కాచే హండాకు లోపల కట్టే తెల్లపొర అదే. గోళీసోడా కొడితే బుస్సుమనే గాలి ఉందే, నీళ్ళలో సున్నం కరిగి నిలబడేది ఆ గాలి వల్లే. నేల లోపల్నుంచి ఊరే నీళ్ళలో అది ఎక్కువ. పాచిలో కంటికి ఆనని పచ్చటి జీవులు ఎండపొద్దున ఆ గాలిని తినేస్తాయి. గాలి తగ్గేసరికి నీళ్ళు సున్నాన్ని మొయ్యలేక వదిలేస్తాయి.

వదిలిన సున్నం వెంటనే గింజకట్టదు. పాచికి జిగురుంటుంది కదా, పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది, అది మొదట సున్నాన్ని పట్టి తనలోనే దాచుకుంటుంది. ఆ జిగురు పాతబడ్డాక ఇంకో రకం జీవులు దాన్ని తింటాయి. అప్పుడు దాచిన సున్నం బయటపడి, జిగురు పోగుల మీదే గింజకడుతుంది. మొదట ఆకారం లేని మెత్తటి ముద్ద, తర్వాత దానికి అంచులు తేలుతాయి. అదే స్ఫటికం. కలకండ చేసేవాళ్ళు పాకంలో దారం వేలాడదీస్తారు కదా, పలుకులన్నీ ఆ దారాన్నే పట్టుకుని కడతాయి. చిన్నప్పుడు కలకండ కొరికి దారం ఉమ్మేసేదాన్ని, నువ్వు తిట్టేదానివి. దొనలో పాచి ఆ దారం లాంటిది. పాచి లేదంటే ఇక స్ఫటికం ఎక్కడ కడుతుంది?

నేను నిర్ణయం తీసుకున్నాను. ఈ నెలాఖరున మేడంకు విషయం మార్చుకుంటానని చెబుతాను. ఆమె ఒప్పుకోకపోతే వచ్చి నాన్న చెప్పిన పనిలో చేరతాను. మీ పార్కు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటాను, నువ్వు ఎండలో ప్యానెళ్ళు కడుగుతుంటే కిటికీలోంచి చూస్తాను. నువ్వింక దొన దగ్గరికి పోవద్దు. ఆ చట్రం పీకి అవతల పారెయ్యి.

రంజిత

*

వల్లూరు,
20-1-2024

రంజితా,

చట్రం పారెయ్యలేదు. ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు, తర్వాత తిట్టుకో.

నీ గాజు మీద పాచి ఎందుకు లేదో నాకు తెలుసు. నేనే కడిగాను.

మొదటి శనివారం పోయి చూస్తే పలకల మీద పలచగా మసక. రెండో శనివారానికి పచ్చగా జిగురు. నా చేతికి అప్పగించిన గాజు అట్లా ఉంటే ఎట్లా చూస్తూ ఊరుకుంటాను? పలకను పైకి తీసి, గట్టు మీద పెట్టి, చెంబుతో నీళ్ళు పోసి, మా చిన్న బ్రష్షుతో రుద్ది, మళ్ళీ దాని గాడిలో నిలబెట్టాను. అప్పటినుంచి ప్రతి శనివారం అదే పని. నువ్వు ఉత్తరంలో 'జీవం' అని రాశావు. అంత పెద్ద మాటకు చేపో కప్పో అనుకున్నాను. స్ఫటికమంటే ముక్కుపుడక రాయిలా మెరుస్తుందనుకున్నాను. ఈ పాచి అడ్డం తీస్తేనే అది కడుతుందని కూడా అనుకున్నాను, చూడు నా తెలివి! నీకు పంపిన పలక మాత్రం ఊరు దాటి పోయేది కదా అని, చింతపండు పెట్టి తళతళలాడేదాకా తోమాను. దాని మీద చుక్కలు చుక్కలుగా తెలుపుండింది. మా పార్కులో అది మరక. నేను మరక తీసేశాను.

నీ డిసెంబరు ఉత్తరం చదివినప్పుడే అనుమానం వచ్చింది. అయినా చెప్పలేకపోయాను. కందిచేల సంగతి రాశాను, గుండమ్మ మనవరాలి సంగతి రాశాను. మన ఇంట్లో ఒక ఆడపిల్ల చదువుకోసం అన్నతో పోట్లాడి, ఆఖరుకు ఆ చదువును నా చేత్తోనే తోమేశానని ఎట్లా రాయను? పొద్దున వరసలో బ్రష్షు పట్టుకుని ఏడుస్తుంటే గుండమ్మ చూసింది. సంగతంతా చెప్పాను. అది ఒక మాట అడిగింది.

"అక్కా, ఆరూ కడిగినావా?"

"యాడ కడుగుతానే? గట్టు మీంచి చెయ్యి చాపితే మూడే అందుతాయి. ఆ పక్క మూడూ అందాలంటే నీళ్ళలో దిగాల. అక్కమ్మల దొనలో కాలెట్లా పెడతా?"

"ఇంకేమి మరి! ఆ మూడూ ఉండాయి గదా. ఎందుకేడ్చేది?"

నాకు అంతదాకా ఆ ఆలోచనే రాలేదు. డ్యూటీ అయిపోగానే ఇద్దరం పోయాం. మా ప్యానెళ్ళు కడిగే పొడుగు కోల ఉంది కదా, లాగితే రెండు బారలవుతుంది. దాని కొసకు తీగ కొక్కెం కట్టి, గట్టు మీద బోర్లా పడుకుని, ఆ చివర పలకను మెల్లగా పైకి తీశాను. గుండమ్మ నా కాళ్ళు పట్టుకుంది. రంజితా, ఆ పలక పచ్చగా, మందంగా, ముట్టుకోబుద్ధి కాకుండా ఉండాది. ఎండకు పట్టి చూస్తే పచ్చదనం కింద తెల్లగా, రవ్వ చల్లినట్టు గింజలుండాయి. గీరితే గరగరమంటా ఉండాది. (హొన్నూరమ్మ టీచరు క్షమించాలి, ఈ రోజు బెత్తం గుర్తుకు రావడం లేదు.)

దాన్ని తుడవలేదు. తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టాను. దానితోపాటు గట్టు పక్క పలక ఒకటి కూడా పంపుతున్నాను, నేను వారం వారం కడిగినది. దీనికి చింతపండు పెట్టలేదు, బ్రష్షు మాత్రమే. నేనెంత పాడుచేశానో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోకపోయినా సరే, నీ దగ్గర దాచి బతకలేను.

అత్త

*

బెంగళూరు,
27-1-2024

నా బంగారు అత్తకు,

నీ ఉత్తరం మొదటి పేజీ చదివి కోపంతో దాన్ని ఉండచుట్టి మూలకు విసిరేశాను. నిజమే చెబుతున్నాను. ఐదు నెలల పని! ఇక్కడ ఏడ్చుకుంటూ కూర్చున్నది నేను, అక్కడ చింతపండు పెట్టింది నువ్వు! అరగంట తర్వాత లేచి, ఉండ విప్పి, రెండో పేజీ చదివాను. 'మూడే అందుతాయి' దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదివాను. డబ్బా తీసుకుని మెట్లు రెండేసి దిగి ల్యాబుకు పరిగెత్తాను.

అత్తా, ఉన్నాయి. స్ఫటికాలు ఉన్నాయి! జిగురు పోగుల మీద, కలకండ దారానికి పలుకులు కట్టినట్టే వరసగా కట్టాయి. కొన్ని ఇంకా ముద్దగా ఉన్నాయి, కొన్నిటికి అంచులు తేలాయి. జిగురు తాజాగా ఉన్నచోట ఏమీ లేవు, పాతబడి కుళ్ళినచోట గుంపులుగా ఉన్నాయి. నేను ఊహించి రాసింది నా కళ్ళముందే ఉంది. నాకు గట్టిగా అరవాలనిపించింది, అరిచాను కూడా. పక్క గదిలోవాళ్ళు ఏదో పగిలిందనుకుని వచ్చారు.

అసలు సంగతి ఇప్పుడు విను. నువ్వు కడిగిన పలక కూడా చూశాను. దాని మీద ఎక్కడో మూలల్లో నాలుగైదు గింజలు తప్ప ఏమీ లేవు. రెండు పలకలూ మేడం ముందు పెట్టి, నీ ఉత్తరం కన్నడంలో చదివి వినిపించాను. నన్ను తిడతారనుకున్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి, "ఒకే చట్రం, ఒకే నీళ్ళు, ఒకే ఎండ. ఒకవైపు పాచి ఉంది, ఒకవైపు లేదు. కమిటీ అడిగింది ఇదే కదా అమ్మా!" అన్నారు. హండాకు పాచి లేకుండానే సున్నం కడుతుంది కదా, దొనలో మాత్రం పాచి ఎందుకని వాళ్ళ పాత ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే పాచి లేని గాజు అదే నీళ్ళలో, పక్కనే ఉండాలి. మందువేసి పాచిని చంపుదామంటే ఆ నీళ్ళు మేకలు తాగుతాయి. వారం వారం పోయి ఎవరు కడుగుతారని ఆ ఆలోచనే వదిలేశాను. అడగకుండానే నువ్వు కడిగావు. చింతపండు పలకను మాత్రం లెక్కలోంచి తీసేశాం. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది కాబట్టి దాని సాక్ష్యం చెల్లదు.

తప్పు నాది. పాచి అని రాయాల్సినచోట జీవం అని గొప్పకు పోయాను. గాజు కడిగేవాళ్ళకు గాజు అప్పగించి, కడగొద్దని చెప్పకపోవడం ఎంత బుద్ధితక్కువ!

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి. చట్రం కట్టెతో తోశానన్నది అబద్ధం. కట్టెకు ఆ చివర అందలేదు. బోరయ్య తాత మలుపు తిరిగాక చెప్పులు విడిచి దొనలో దిగాను. నాలుగడుగులు వేశాను. నీకు రాయడానికి భయమేసింది. నన్ను నమ్మి ఆయనకు మాట ఇచ్చావు. నువ్వు అక్కడ కాలు పెట్టకుండా ఉండబట్టే నా చదువు నిలబడింది. నేనేమో పెట్టాను. క్షమించు.

ఈ శనివారం నుంచి నీ మామూలు పని చెయ్యి. గట్టు పక్క మిగిలిన ఒక్క పలకే కడుగు. బ్రష్షు, దొననీళ్ళు అంతే. చింతపండు ఇంట్లో పప్పుకు వాడు.

నీ
రంజిత

*

బెంగళూరు,
21-2-2024

అత్తకు,

నిన్న ఫోనులో 'ఒప్పుకున్నారు' అని చెప్పగానే అవతల అందరూ ఒక్కసారే అరిచారు, నీ గొంతు వినబడలేదు. అందుకే ఇది.

ఇంకో రెండేళ్ళకు పొడిగించారు. కమిటీలో అందరికంటే గడుసాయన ఒకాయన పలకల ఫొటోలు ముందుకూ వెనక్కూ తిప్పి, "వారం తప్పకుండా కడిగినట్టు ఏమిటి ఆధారం?" అని అడిగాడు. "మా అత్త సార్. ఐదేళ్ళుగా ప్యానెళ్ళు కడుగుతోంది. ఆమె వరసలో వేలికి మురికి అంటదు" అన్నాను. గదంతా నవ్వింది, ఆయన కూడా. తర్వాత నా నివేదికలో ఒక వాక్యం చేర్పించాడు. నీకోసం దాన్ని తెలుగులో రాస్తున్నాను: 'గట్టు పక్క పలకలను ఆగస్టు నుంచి వారానికొకసారి శ్రీమతి వెంకటక్క శుభ్రం చేశారు.' ఆ పేజీ కాపీ దీనితో పంపుతున్నాను. నాన్నకు చూపించు. రాళ్ళు ఏరుకోవడం కాదని ఇప్పుడైనా నమ్ముతాడేమో.

మార్చి రెండో వారంలో వస్తున్నాను.

రంజిత

*

వల్లూరు,
2-3-2024, శనివారం

చిరంజీవి రంజితకు,

కాగితం అందింది. ఇంగ్లీషు నాకు రాకపోయినా నా పేరు ఎక్కడుందో గుండమ్మ పెద్ద మనవడు వేలు పెట్టి చూపించాడు. మీ నాన్న ఆ పేజీని రెండుసార్లు తిప్పి చూసి, "గాజు కడిగితే గూడా పేరేస్తారా?" అన్నాడు. "కడిగితే కాదు దాసన్నా, కడగాల్సింది కడిగి, కడగకూడనిది వదిలేస్తే వేస్తారు" అన్నాను. పార్కు ఆఫీసులో నీకోసం పెట్టమన్న పని ఎల్లక్క కొడుక్కు ఇవ్వమని ఆయనే పోయి చెప్పి వచ్చాడు. నాకు ఎంత హాయిగా ఉందో రాయలేను. ఇన్నేళ్ళుగా గాజు కడుగుతున్నాను. కడిగినందువల్ల ఏమైందో ఒకరు కాగితం మీద రాయడం ఇదే మొదలు. మధుకుమార్‌కు కూడా చూపించాను. చదివాడు, నా వరసలో ఆ రోజు వేలు పెట్టి చూడలేదు.

ఇక నీ అడుగుల సంగతి. నువ్వు దిగావని నాకు మొదటి శనివారమే తెలుసు. లోపలి పక్క మెట్టురాయి మీద పాచిలో ఎడమకాలు అచ్చు పడి ఉంది. చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కిన కాలు మన ఊళ్ళో ఇంకెవరికుంది? పసిదానివప్పుడు ఆ వేలు సరిచేద్దామని నూనె రాసి రాసి అలిసిపోయాను. అందుకే ఎట్లా ఇరికించావని అడిగాను. నువ్వు కట్టె అన్నావు, సరే కట్టే అనుకున్నాను. బోరయ్య తాత అడిగినప్పుడు ఆ రాయికి అడ్డంగా నిలబడే, మా రంజిత తెలియనిదా అన్నాను. ఆ రోజు నుంచి ప్రతి శనివారం అక్కమ్మలకు నీ తరఫున పసుపు పెట్టి దండం పెడుతున్నాను. నువ్వే చెప్పినదాకా ఆగుదామనుకున్నాను. చెప్పావు, నా మనసు కుదుటపడింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ అచ్చు చెయ్యి అందని చోట ఉంది కదా, నేను కడగలేదు. దాని అంచులన్నీ నీ పలకలాగానే తెల్లగా గింజకట్టాయి. మీదికెక్కిన ఆ చిటికెన వేలితో సహా ఐదు వేళ్ళూ స్పష్టంగా తెలుస్తున్నాయి. పోయిన మంగళవారం పొద్దున ఎండ వాలుగా పడితే బోరయ్య తాత చూశాడు. పరుగున వచ్చి నన్ను పిలిచాడు.

"వెంకటక్కా, అక్కమ్మ పాదం! నా కంటితో చూసినా! నడిచిపోయిన అచ్చు రాయి మీద తేలి ఉండాది!"

ఇప్పుడు రోజూ అక్కడ పూలు. పక్కూరు క్యాతగానచెర్లు నుంచి కూడా మనుషులు వస్తున్నారు. డెబ్బై ఏళ్ళుగా ఆ దొనకు పసుపు పెట్టినాయన, ఇన్నాళ్ళకు అమ్మ అడుగు చూపించిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు, నువ్వూ చెప్పవద్దు. చేసిన పాపం చెబితే పోతుందన్నాను కానీ, దీన్ని మాత్రం మన ఇద్దరి మధ్యే ఉంచుదాం.

దొన దగ్గర చెప్పులు విడవాలి కదా. వచ్చేటప్పుడు మందంగా ఉండే సాక్సులు వేసుకుని రా.

నీ అత్త,
వెంకటక్క